జూదంతో బడ్జెట్ లోటు పూడుతుందా?

2024 సెప్టెంబర్‌లో జీఎస్టీ కౌన్సిల్ సమావేశం ముగిశాక కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ ఒక లెక్క చెప్పారు. ఆన్‌లైన్ గేమింగ్ మీద కొత్త పద్ధతిలో 28 శాతం పన్ను వేశాక ఆరు నెలల్లో వచ్చిన ఆదాయం 6,909 కోట్ల రూపాయలు. అంతకుముందు ఆరు నెలల్లో వచ్చింది 1,349 కోట్లే. అంటే 412 శాతం పెరుగుదల. ఏ ఆర్థిక మంత్రికైనా గట్టిగా చెప్పుకోదగ్గ లెక్కే ఇది.

ఆ మాట అని ఏడాది తిరక్కముందే అదే ప్రభుత్వం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ నిషేధించింది. 2025 ఆగస్టు 20న బిల్లు లోక్‌సభ దాటింది, 21న రాజ్యసభ దాటింది, 22న రాష్ట్రపతి సంతకం పడింది. ఇప్పుడు అలాంటి ఆట నడిపితే మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రచారం చేసినా శిక్షే. ఏటా 45 కోట్ల మంది కలిసి సుమారు 20 వేల కోట్లు పోగొట్టుకుంటున్నారన్నది ప్రభుత్వం చూపించిన కారణం. అంత బాగా పన్ను కడుతున్న రంగాన్ని మూడు రోజుల్లో మూసేశారంటే, ఖజానాకు వచ్చే లాభం కంటే బయట జరిగే నష్టం పెద్దదని ఢిల్లీకి అనిపించిందన్నమాట.

అయినా ఈ చర్చ ఆగదు. రాష్ట్రాల అప్పులు పెరిగినప్పుడల్లా, ఉచిత పథకాలకు డబ్బెక్కడిదన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు అంటారు: ‘ఎలాగూ ఆడేవాళ్లు ఆడుతూనే ఉన్నారు. చట్టబద్ధం చేసి పన్ను వేస్తే ప్రభుత్వానికి నాలుగు రాళ్లు వస్తాయి కదా.’ వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ఈ మాటలో రెండు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయాయి. జూదాన్ని నేరంగా చూడాలా, లైసెన్సు ఇచ్చి అదుపులో పెట్టాలా అన్నది ఒకటి. దాంతో బడ్జెట్ గాడిలో పడుతుందా అన్నది ఇంకొకటి. మొదటిదానికి రెండు వైపులా గట్టి వాదనలున్నాయి. రెండోదానికి నా జవాబు మాత్రం స్పష్టంగా ‘లేదు’. ఎందుకో లెక్కల దగ్గరనుంచే మొదలుపెడదాం.

ముందు ఆ 412 శాతం ఎలా వచ్చిందో చూడాలి. నలుగురు తలా 25 రూపాయలు వేసి ఫోన్లో 100 రూపాయల పందెం రమ్మీ ఆడారనుకుందాం. ఆట నడిపినందుకు కంపెనీ 10 రూపాయల కమీషన్ పట్టుకుంది. పాత పద్ధతిలో కంపెనీలు ఆ 10 రూపాయల మీద 18 శాతం, అంటే రూపాయి 80 పైసలు కట్టేవి. 2023 అక్టోబర్ 1 నుంచి పన్ను మొత్తం 100 రూపాయల మీద పడింది, అదీ 28 శాతం. రూపాయి 80 పైసలు పోయి 28 రూపాయలు అయింది. కంపెనీ సంపాదన మీద వేసే పన్ను కాస్తా ఆటగాడు జేబులోంచి తీసిన ప్రతి రూపాయి మీద వేసే పన్నుగా మారింది. ఆదాయం పెరగకపోతేనే ఆశ్చర్యపోవాలి.

ఇంత పెరిగినా మొత్తంలో దాని వాటా ఎంత? ఆరు నెలల లెక్కను ఏడాదికి పెంచితే సుమారు 13,800 కోట్లు. 2023–24లో దేశం మొత్తం జీఎస్టీ వసూళ్లు 20 లక్షల కోట్ల పైచిలుకు. అంటే వంద రూపాయల జీఎస్టీలో 70 పైసలు. కోట్లలో చెబితే కళ్లు తిరుగుతాయి, వాటాలో చెబితే చిల్లరగా కనిపిస్తుంది. జూదం ఆదాయం గురించి ఎక్కడ ఏ అంకె విన్నా ఈ రెండో లెక్క కూడా అడగాలి.

మన దేశంలో జూదంతో ప్రభుత్వం సంపాదించే పద్ధతికి అసలైన ఉదాహరణ కేరళ లాటరీ. 1967లో ఈఎంఎస్ నంబూద్రిపాద్ ప్రభుత్వంలో ఆర్థిక మంత్రి పి.కె. కుంజు దీన్ని మొదలుపెట్టారు. ప్రైవేటు లాటరీలను ఆపి ప్రభుత్వమే నడపడం మొదలైంది. టికెట్ ఒక రూపాయి, మొదటి బహుమతి 50 వేలు. తొలి డ్రా 1968 జనవరి 26న తీశారు. ఇప్పుడు వారంలో ప్రతి రోజుకూ ఒక లాటరీ ఉంది. పండగలకు బంపర్లు వేరే. ఓణం బంపర్ టికెట్ 500 రూపాయలు, మొదటి బహుమతి 25 కోట్లు. తిరువనంతపురంలో మధ్యాహ్నం మూడింటికి డ్రా తీస్తారు. పొద్దున కొన్న టికెట్ పట్టుకుని కూలీ పనిలో ఉన్న మనిషి మూడు దాటగానే ఫోన్లో నంబర్ చూసుకుంటాడు. రాకపోతే సాయంత్రానికి బస్టాండు దగ్గర అట్టకు క్లిప్పులు పెట్టి రేపటి టికెట్లు అమ్మే మనిషి సిద్ధంగా ఉంటాడు. అమ్మేవాళ్లలో వికలాంగులు, వృద్ధులు చాలామంది ఉన్నారు. వాళ్లకు అది బతుకుతెరువు. ఈ మాట చెప్పకుండా కేరళ లాటరీని విమర్శించడం న్యాయం కాదు.

ఇప్పుడు ఆదాయం సంగతి. 2018–19లో ఈ లాటరీల అమ్మకాలు 9 వేల కోట్లు దాటాయి. బడ్జెట్ పుస్తకంలో పన్నేతర ఆదాయం కింద కనిపించేది ఈ పెద్ద అంకె. కానీ అందులోంచి బహుమతులు పోవాలి, ఏజెంట్ల కమీషన్ పోవాలి, ముద్రణ ఖర్చు పోవాలి. అన్నీ పోగా ఆ ఏడాది చేతికి మిగిలింది 1,700 కోట్ల లోపే. తర్వాత 2020లో లాటరీ మీద జీఎస్టీ దేశమంతా ఒకేలా 28 శాతం చేశారు. 2023–24 నాటికి అమ్మకాలు 12 వేల కోట్లు దాటాయి గానీ, అమ్మకం పెరిగినంతగా లాభం పెరగలేదు. రాష్ట్రం లాటరీతో 12 వేల కోట్లు ‘సంపాదిస్తోంది’ అని ఎవరైనా అంటే, అది కిరాణా కొట్టు గల్లాపెట్టెలో పడిన డబ్బంతా లాభమే అనుకోవడం లాంటిది.

ఇదే పద్ధతి ఆంధ్రప్రదేశ్‌కు తెస్తే ఏమవుతుందో లెక్కేద్దాం. తెలుగు రాష్ట్రాలు రెండింట్లోనూ ఇప్పుడు లాటరీ లేదు. కేరళకు లాభం, జీఎస్టీలో రాష్ట్ర వాటా రెండూ కలిపి ధారాళంగా ఏటా 3 వేల కోట్లు మిగులుతున్నాయనుకుందాం. జనాభా తేడాను బట్టి ఆంధ్రకు దానికి ఒకటిన్నర రెట్లు, అంటే 4,500 కోట్లు వస్తాయనుకుందాం. 2025–26 బడ్జెట్‌లో ఆంధ్రప్రదేశ్ ద్రవ్యలోటు అంచనా 79,926 కోట్లు. అన్నీ అనుకున్నట్టే జరిగినా లాటరీ పూడ్చేది అందులో పద్దెనిమిదో వంతు. వేణ్ణీళ్లకు చన్నీళ్లు అనుకోవచ్చు కదా అంటారా? ఆ చన్నీళ్లు ఎక్కడినుంచి తోడుతున్నామో కూడా చూడాలి.

4,500 కోట్లు రావాలంటే జనం సుమారు 18 వేల కోట్ల టికెట్లు కొనాలి. రాష్ట్ర జనాభా 5 కోట్లనుకుంటే, పసిపిల్లలతో సహా తలకు 3,600 రూపాయలు. నలుగురున్న ఇంటికి ఏడాదికి 14,400. పిల్లల చదువుకని ‘తల్లికి వందనం’ కింద ప్రభుత్వం ఒక బిడ్డకు 15 వేలు ప్రకటించి, బడి నిర్వహణకు 2 వేలు మినహాయించి 13 వేలు తల్లి ఖాతాలో వేస్తోంది. సగటున అంతకు మించిన డబ్బు అదే ఇంట్లోంచి టికెట్ల రూపంలో బయటికి రావాలన్నమాట. సుమారు సగం బహుమతులుగా తిరిగొస్తుంది, నిజమే. కానీ పోయేది వీధిలో ప్రతి ఇంటినుంచీ, వచ్చేది ఎక్కడో ఒకరిద్దరికి. అందరి దగ్గరా కొంచెం కొంచెం తీసి ఒకరికి కుప్పపోయడం సంక్షేమం కింద రాదు.

ఇంకో సంగతి ఎవరూ పెద్దగా మాట్లాడరు. టికెట్‌కు పెట్టిన ఆ 18 వేల కోట్లు గాల్లోంచి రావు. లాటరీ లేకపోతే అదే డబ్బు చెప్పులకో, చీరకో, మిక్సీకో, హోటల్లో టిఫినుకో పోయేది. వాటి మీదా జీఎస్టీ ఉంది. పైగా వాటి వెనక కుట్టేవాళ్లు, వండేవాళ్లు, అమ్మేవాళ్లు ఉన్నారు. కాబట్టి జూదం మీద వచ్చిన పన్నులోంచి, అది మింగేసిన వేరే వ్యాపారాల పన్నును తీసెయ్యాలి. బడ్జెట్ ప్రసంగంలో ఈ తీసివేత కనిపించదు.

డబ్బు ఎవరి దగ్గరనుంచి వస్తుందన్నది ఇంతకంటే పెద్ద ప్రశ్న. సరదాకి నెలకోసారి ఆడేవాళ్ల చిల్లరతోనే ఈ వ్యాపారం నడుస్తుందని చాలామంది అనుకుంటారు. ఆస్ట్రేలియాలో వీధి క్లబ్బుల్లో, పబ్బుల్లో ఉండే జూదం మెషీన్ల మీద అక్కడి ప్రభుత్వ సంస్థ ప్రొడక్టివిటీ కమిషన్ 2010లో నివేదిక ఇచ్చింది. మెషీన్లలో పడే డబ్బులో సుమారు 40 శాతం జూదం వ్యసనంగా మారినవాళ్లదేనని తేల్చింది. జనాభాలో వాళ్లెంతమంది? ఒక శాతం దరిదాపుల్లో. ఆ ఒక్క శాతం మనుషులు మానేస్తే ఆదాయంలో పెద్ద ముక్క ఎగిరిపోతుంది.

జూదం ఆదాయంలో ఉన్న అసలు ముడి ఇక్కడే ఉందని నేననుకుంటున్నాను. లైసెన్సు ఇచ్చేటప్పుడు ప్రభుత్వం రెండు మాటలు చెబుతుంది: ఆదాయం వస్తుంది, వ్యసనపరుల్ని కాపాడతాం. కాపాడటంలో నిజంగా గెలిస్తే ఆదాయం తగ్గుతుంది. ఆదాయం అంచనాలు అందుకోవాలంటే కాపాడటంలో ఓడిపోవాలి. రెండూ ఒకేసారి పెరగవు. ‘బాధ్యతగా ఆడండి’ అని ప్రకటన చివర గబగబా చదివే ఆ ఒక్క వాక్యం ఈ ముడిని విప్పలేదు.

అమెరికాలో ఇది పెద్ద ఎత్తున కళ్లముందే జరిగింది. 2018 మేలో అక్కడి సుప్రీంకోర్టు క్రీడల బెట్టింగ్ మీద దేశవ్యాప్త అడ్డు తీసేసింది. రాష్ట్రాలు ఒకదాని వెనక ఒకటి అనుమతులిచ్చాయి. ఇప్పుడు దాదాపు 40 రాష్ట్రాల్లో అది చట్టబద్ధం. న్యూయార్క్ మొబైల్ బెట్టింగ్ కంపెనీల ఆదాయం మీద 51 శాతం పన్ను వేసి, దండిగానే వసూలు చేస్తోంది. కానీ 2024లో లాస్ ఏంజెలెస్‌లోని రెండు విశ్వవిద్యాలయాల ఆర్థికవేత్తలు లక్షలాది మంది అప్పుల రికార్డులు పరిశీలిస్తే ఇంకో బొమ్మ కనిపించింది. ఆన్‌లైన్ బెట్టింగ్ వచ్చిన రాష్ట్రాల్లో కొన్నేళ్లకు దివాలా తీసే అవకాశం పావు వంతుకు పైగా పెరిగింది, క్రెడిట్ స్కోర్లు పడిపోయాయి. దివాలా తీసిన కుటుంబం ఆదాయపు పన్ను సరిగ్గా కట్టలేదు, ఆసుపత్రి బిల్లు కట్టలేదు, చివరికి ప్రభుత్వ సాయం దగ్గరికే వస్తుంది. బెట్టింగ్ పన్ను ఒక శాఖ పుస్తకంలో జమ అవుతుంది. ఆ కుటుంబం మీద పెట్టే ఖర్చు నాలుగైదు శాఖల పుస్తకాల్లో చెల్లాచెదురుగా ఉంటుంది. అందుకే ఒకటి కనిపించి ఇంకొకటి కనిపించదు.

అప్పు యాప్‌లో తీసి బెట్టింగ్ యాప్‌లో పోసిన కుర్రాళ్ల కథలు మన జిల్లా ఎడిషన్లలో ఎన్ని చదివామో! డిగ్రీ చదివే పిల్లాడు, డెలివరీ బాయ్, బ్యాంకు ఉద్యోగి, ఆఖరికి కానిస్టేబుల్ కూడా. పొలం కాగితాలు తాకట్టు పెట్టి కొడుకు బాకీ తీర్చిన తండ్రి నష్టాన్ని ఏ బడ్జెట్ పద్దు కింద రాయాలి?

ఒకసారి ఈ ఆదాయానికి అలవాటుపడ్డాక ప్రభుత్వం ఎలా మారిపోతుందో బ్రిటన్‌లో తెలిసొచ్చింది. అక్కడి బెట్టింగ్ షాపుల్లో ఉండే ఒక రకం మెషీన్ల మీద ఒక్కో ఆటకు 100 పౌండ్ల దాకా పందెం కాయనిచ్చేవారు. ఆట 20 సెకన్లలో అయిపోయేది. కుటుంబాలు గుల్లవుతున్నాయని ఏళ్ల తరబడి గోల జరిగాక 2018లో ప్రభుత్వం పరిమితిని 2 పౌండ్లకు తగ్గిస్తామంది. అమలు మాత్రం ఆలస్యం చేస్తామంది. ఆ ఆలస్యాన్ని ఒప్పుకోలేక క్రీడల మంత్రి ట్రేసీ క్రౌచ్ రాజీనామా చేశారు. చివరికి 2019 ఏప్రిల్‌లో పరిమితి అమల్లోకి వచ్చింది. ఆ పన్ను పోతుంది కాబట్టి ఆ లోటు పూడ్చడానికి ఆన్‌లైన్ జూదం మీద పన్ను 15 నుంచి 21 శాతానికి పెంచారు. ఒక జూదాన్ని అదుపు చేయడానికి ఇంకో జూదం ఆదాయం మీద ఆనుకోవాల్సి వచ్చింది.

మనకు ఈ పాఠం కొత్తదేం కాదు. మద్యం ఆదాయంతో ఆంధ్రప్రదేశ్ నడిచిన దారి చూస్తే చాలు. 1980ల్లో ప్రభుత్వమే సారాను ప్యాకెట్లలో పోసి అమ్మే ‘వారుణి వాహిని’ తెచ్చింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మీద తిరగబడ్డారు. అది రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబర్‌లో సారా నిషేధం వచ్చింది. ఎన్నికల్లో గెలిచిన ఎన్టీ రామారావు 1994 డిసెంబర్‌లో ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన రోజే సంపూర్ణ మద్యనిషేధం ప్రకటించారు. 1997 వచ్చేసరికి ఖజానా తట్టుకోలేకపోయింది, దొంగ మద్యం ఏరులై పారుతోందన్న కారణమూ తోడైంది. చంద్రబాబు నాయుడు ప్రభుత్వం నిషేధాన్ని సడలించింది. తర్వాత 2019లో దశలవారీ నిషేధం హామీతో వచ్చిన జగన్మోహన్ రెడ్డి ప్రభుత్వం దుకాణాలను తన చేతిలోకి తీసుకుంది. 2022లో అదే ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్ మద్యం ఆదాయాన్ని చూపించి బాండ్ల ద్వారా 8 వేల కోట్లకు పైగా అప్పు తెచ్చింది. పార్టీలు మారాయి, ముఖ్యమంత్రులు మారారు. ఆదాయం రుచి మరిగిన ఖజానా మాత్రం ప్రతిసారీ అందర్నీ ఒకే దారికి లాక్కొచ్చింది. రాబోయే ఏళ్ల తాగుడు మీద ఇవాళ అప్పు తెచ్చుకున్న రాష్ట్రం, ఆ ఏళ్లలో తాగుడు తగ్గాలని ఎలా కోరుకుంటుంది? జూదం విషయంలో వేరేలా జరుగుతుందనడానికి నాకు ఒక్క కారణమూ కనబడదు.

ఇందులో రాజకీయం కూడా ఉంది. 2024 మార్చిలో, పార్టీలకు విరాళాలిచ్చే ఎన్నికల బాండ్ల వివరాలు బయటపడినప్పుడు అందరికంటే ఎక్కువ బాండ్లు కొన్నది ఏ ఉక్కు కంపెనీయో, మందుల కంపెనీయో కాదు. 1,368 కోట్లతో మొదటి స్థానంలో నిలిచింది ఫ్యూచర్ గేమింగ్ అనే లాటరీ సంస్థ. లైసెన్సు మీద బతికే వ్యాపారానికి లైసెన్సు ఇచ్చేవాళ్లతో పని ఎప్పుడూ ఉంటుంది.

మరి గోవా సంగతేంటి, అక్కడ కేసినోలు బాగానే నడుస్తున్నాయి కదా అనొచ్చు. మాండవి నదిలో లంగరేసిన ఆ ఓడల్లో హైదరాబాద్, విజయవాడ నుంచి వెళ్లినవాళ్లు ఏ వారాంతం చూసినా కనిపిస్తారు. కానీ 2020 ఫిబ్రవరి 1 నుంచి గోవా ప్రభుత్వం స్థానికులు అక్కడ జూదం ఆడకూడదంది. సిక్కిం కూడా తన కేసినోల్లోకి తన జనాన్ని రానివ్వొద్దంది. ఈ నిబంధనలే చాలా చెబుతున్నాయి. పొరుగు రాష్ట్రాలవాళ్లు ఓడిపోతే మనకు ఆదాయం, మనవాళ్లు ఓడిపోతే మనకు నష్టం అని ఆ ప్రభుత్వాలకు బాగా తెలుసు. టూరిస్టుల దగ్గర గుంజుకునే ఈ ఉపాయం, పొరుగు రాష్ట్రం కూడా కేసినో తెరిచేవరకే పనిచేస్తుంది.

అలా తెరిచాక ఏమవుతుందో అట్లాంటిక్ సిటీ చూపించింది. న్యూజెర్సీలోని ఆ సముద్రతీర పట్టణం బాగా చితికిపోయి ఉంటే 1976లో ఓటర్లు కేసినోలకు ఒప్పుకున్నారు. పన్ను డబ్బు వృద్ధులకు, వికలాంగులకు ఖర్చు పెడతామన్నారు. 1978లో మొదటి కేసినో తెరిస్తే బయట జనం బారులు తీరారు. మొదట్లో అమెరికా తూర్పు తీరంలో కేసినోలున్నది అక్కడ ఒక్కచోటే. పాతికేళ్లకు పైగా డబ్బు వరదలా వచ్చింది. 2006లో కేసినోల ఆదాయం 520 కోట్ల డాలర్లకు చేరింది. సరిగ్గా ఆ ఏడాదే పక్కనున్న పెన్సిల్వేనియా కూడా తలుపులు తెరిచింది. మరో ఏడేళ్లకు ఆదాయం దాదాపు సగమైంది. 2014 ఒక్క ఏడాదిలో నాలుగు కేసినోలు మూతపడ్డాయి, వేలమంది ఉద్యోగాలు పోయాయి. 2016లో పట్టణం పాలన రాష్ట్ర ప్రభుత్వం చేతిలోకి వెళ్లింది. బీచ్ పక్కన మెరిసే హోటళ్లు దాటి నాలుగు వీధులు లోపలికి వెళ్తే ఆ పట్టణం పేదరికం ఎక్కడికీ పోలేదని కనిపిస్తుంది. మన సాఫ్ట్‌వేర్ కుటుంబాలు ఎడిసన్ నుంచి వారాంతం కారేసుకుని వెళ్లే ఊరే అది.

చైనా ఏలుబడిలోని కేసినోల నగరం మకావు ఇంకా పెద్ద హెచ్చరిక. అక్కడి ప్రభుత్వ ఆదాయంలో దాదాపు 80 శాతం జూదం పన్నే. 2020లో కోవిడ్ వచ్చి చైనా టూరిస్టులు ఆగేసరికి కేసినోల ఆదాయం ఒక్క ఏడాదిలో 79 శాతం పడిపోయింది. చేతిలో పెద్ద నిల్వలు ఉన్నాయి కాబట్టి మకావు తట్టుకుంది. అప్పుల మీద నడిచే మన రాష్ట్రాలకు ఆ ఊతం లేదు.

ఇక నిషేధం పనిచేస్తోందా అంటే, దాని చరిత్రా గొప్పగా ఏం లేదు. సంక్రాంతి మూడు రోజులు భీమవరం చుట్టుపక్కల తోటల్లో ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. హైకోర్టు వద్దంటుంది, పోలీసులు ముందు వారం కత్తులు పట్టుకుని ఫొటోలు దిగుతారు. భోగి నాటికి బరి చుట్టూ షామియానాలు లేస్తాయి, రాత్రికి ఫ్లడ్‌లైట్లు వెలుగుతాయి. కోడికి కత్తి కట్టిన దగ్గర పందెం లక్షల్లో ఉంటే, పక్కనే గుండాట బల్లల మీద వందా రెండొందలతో మొదలై జేబు ఖాళీ అయ్యేదాకా సాగుతుంది. దీంట్లోంచి ప్రభుత్వానికి రూపాయి రాదు. బరి వేసుకోనిచ్చినందుకు ఎవరికి ఎంత ముడుతుందో ఊళ్లో వాళ్లే చెబుతారు. క్రికెట్ బుకీల సంగతీ అంతే. ఆన్‌లైన్ జూదాన్ని తెలంగాణ 2017లోనే నిషేధించింది, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించింది. అయినా 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశారని హైదరాబాద్‌లో సినిమావాళ్లమీద, యూట్యూబర్లమీద కేసులు పెట్టాల్సి వచ్చింది. విదేశాల్లో కూర్చుని నడిపే సైట్లకు మన చట్టమూ అందదు, మన పన్నూ అందదు.

అందుకే ‘నిషేధం అమలు చెయ్యలేకపోతే నియంత్రించండి’ అనే వాదనను నేను కొట్టిపారెయ్యను. 2018లో లా కమిషన్ ఇలాగే ఆలోచించింది. పూర్తిగా ఆపడం కుదరకపోతే ఆధార్, పాన్‌లతో ముడిపెట్టి, నగదు లేకుండా, ఎంత ఆడొచ్చో పరిమితి పెట్టి నడపాలంది. ప్రభుత్వ సబ్సిడీలు తీసుకునేవాళ్లను, ఆదాయపు పన్ను పరిధిలో లేనివాళ్లను ఆడనివ్వకూడదంది. చాలా మంచి షరతు. కానీ మన రాష్ట్రాల్లో రేషన్ కార్డు, పెన్షను, రైతు సాయం తీసుకునే ఇళ్లన్నీ తీసేస్తే ఆడేవాళ్లు ఎంతమంది మిగులుతారు? ఆ షరతు నిజాయితీగా పెడితే లోటు పూడ్చేంత ఆదాయం రాదు. అంత ఆదాయం వస్తోందంటే షరతు కాగితం మీదే ఉందని అర్థం.

కౌటిల్యుడి అర్థశాస్త్రంలో జూదశాలల మీద ఒక అధికారిని పెట్టమని ఉంది. ఆట ఒకేచోట జరగాలి, పాచికలు ప్రభుత్వమే ఇవ్వాలి, గెలిచినదాంట్లో 5 శాతం తీసుకోవాలి. అయితే ఒకేచోట ఎందుకు పెట్టమన్నాడంటే, దొంగతనంగా బతికే మనుషులు ఎవరో తెలుసుకోవడానికి. అదుపు కోసమే అనుమతి. ఆ 5 శాతం వెనకాల వచ్చేది.

ఆ క్రమాన్ని ఈ కాలంలో ఎక్కువగా పాటించింది సింగపూర్. 2010లో రెండు కేసినోలు తెరిచింది. టూరిస్టులకు ప్రవేశం ఉచితం. తన పౌరులు మాత్రం లోపలికి అడుగు పెట్టాలంటే ఒక్కో 24 గంటలకు 150 సింగపూర్ డాలర్లు కట్టాలి, మొదట్లో అది 100 ఉండేది. గెలిచినా ఓడినా అది తిరిగి రాదు. భార్యో, తల్లో, కొడుకో అర్జీ పెట్టి ఇంట్లో మనిషి పేరును నిషేధ జాబితాలో వేయించవచ్చు. కేసినోలు తెరవడానికి ఐదేళ్ల ముందే, 2005లో, వ్యసనం మీద పనిచేసే జాతీయ మండలిని పెట్టారు. ఆ ప్రవేశ రుసుం మామూలు బడ్జెట్‌లో కలవదు, టోట్ బోర్డు అనే సంస్థ ద్వారా సేవాకార్యక్రమాలకు వెళ్తుంది. చిన్న దేశం, గట్టి పాలన కాబట్టి కుదిరిందని అనొచ్చు. అయినా ఆ డబ్బును జీతాలకు, పెన్షన్లకు లెక్కలో వేసుకోకుండా పక్కన పెట్టడం మనమూ నేర్చుకోవాల్సిన పద్ధతి.

రేపు ఏ రాష్ట్ర ప్రభుత్వమైనా కేసినోకో, లాటరీకో, కోడిపందేల లైసెన్సుకో తలుపు తీస్తానంటే అసెంబ్లీలో అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. అమ్మకం ఎంత అన్నది వదిలేసి, ఖర్చులు పోగా చేతికి ఎంత మిగులుతుందో చెప్పమనాలి. అందులో ఎంత భాగం అందరికంటే ఎక్కువగా ఓడిపోయే పదో వంతు మనుషుల దగ్గరనుంచి వస్తోందో ఏటా బయటపెట్టమనాలి. ఇంట్లోవాళ్లు అడిగితే ఆ మనిషిని ఆటకు దూరంగా పెట్టే హక్కు చట్టంలో రాయించాలి. వచ్చిన డబ్బు విడిగా ఒక నిధిలో ఉండాలి. వ్యసనం నుంచి బయటపడేసే చికిత్సకు, అప్పుల్లో కూరుకుపోయిన కుటుంబాలకు అందులోంచి ఖర్చు పెట్టాలి. దాని మీద అప్పు తేకూడదు. బడ్జెట్ ఆదాయ అంచనాల పట్టికలో దానికి ఒక్క గడి కూడా ఉండకూడదు. ఈ షరతులకు ఒప్పుకుని కూడా లైసెన్సు ఇస్తామనే ప్రభుత్వం ఉంటే, అది అదుపు కోసమే ఇస్తోందని నమ్మొచ్చు. ఒప్పుకోకపోతే మాత్రం, లోటు పూడ్చే ఆ డబ్బు ఎవరి ఇంట్లోంచి రాబోతోందో ఆర్థిక మంత్రి సభలో నిలబడి చెప్పాలి.